ఐ.సి.యు.లో మనస్సునకు కాపు

న్యుమోనియాతో ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన పెద్దమనిషికి రెండు దినములు ఆక్సిజను పెట్టి, ఇంజెక్షనులిచ్చి, జ్వరము తగ్గుముఖము పట్టినదని డాక్టరు ఇంటివారితో చెప్పిన నాటి రాత్రియే, ఆ రోగి గోడమీద చీమలబారులు ప్రాకుచున్నవనియు, నర్సు తనకు విషము పెట్టుచున్నదనియు, ఎవరో తన్ను రైలులో ఎక్కడికో కొనిపోవుచున్నారనియు పలవరించుచు, చేతికున్న సెలైను గొట్టమును పెరికివేసి మంచము దిగబోవుట తరచుగా సంభవించుచుండును. మరునాటి ఉదయము కుమారుని గుర్తుపట్టి, ఇంటివద్ద అందరును క్షేమమేనా యని అడిగిన ఆయనయే సాయంకాలమునకు ఆ కుమారుని పరాయివానిగా చూచును. "నాన్నగారికి మతి చలించినదా?" అని పిల్లలు కుమిలిపోవుదురు. మన పెద్దలు సంధియనియు సన్నిపాతమనియు పేర్కొనుచు వచ్చిన యీ స్థితినే నేటి వైద్యులు డెలీరియమనుచున్నారు.

ఇది పిచ్చి కాదు. వార్ధక్యమున సహజముగా వచ్చు చాదస్తమును కాదు. దేహమునందలి తీవ్రవ్యాధి మెదడును కూడ తాకినదనుటకు ఇది గుర్తు. మూత్రపిండములు దెబ్బతిన్నపుడు మూత్రము తగ్గునట్లు, మెదడు దెబ్బతిన్నపుడు అవధానము తప్పును. దీనిని నిశ్చయముగా మాన్పగల మందు ఇంతవరకు దొరకలేదు. కాని ఎన్నో సందర్భములలో దీనిని రాకుండ కాచుకొనుటకును, వచ్చినపుడు దాని బలమును తగ్గించుటకును మార్గము మాత్రము దొరకినది. మెలకువ, నిద్ర, కదలిక, మాట, ఆప్తుల తోడు అనునవియే ఆ మార్గము. లక్షల విలువగల యంత్రముల నడుమ వీనిని చికిత్సగా ఎంచుట మనకింకను అలవడలేదు. అట్లెంచవలసిన కాలము వచ్చినదనియే నా దృఢవిశ్వాసము.

ఈ వ్యాధికి వైద్యులు చెప్పు లక్షణములలో మొదటిది హఠాత్తుగా వచ్చుట. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా జ్ఞాపకశక్తిని హరించు మతిమరుపు జబ్బువలెగాక, ఇది గంటలలోనో ఒకటి రెండు దినములలోనో ఆవరించును. రెండవది నిలుకడలేమి: ఉదయము తేటపడి, రాత్రి ముదురుచు, ఒక పూటకును మరియొక పూటకును పొంతన లేకుండ సాగును. అన్నిటికన్న ముఖ్యమైనది అవధానము చెదరుట. రోగి ఒక మాటపై మనస్సు నిలుపలేడు, అడిగిన ప్రశ్న ముగియకముందే దాని మొదలు మరచును. వీనికి తోడు ఆలోచన అస్తవ్యస్తమగుటయో, మెలకువ మితిమీరుటయో మందగించుటయో కలుగును. కేకలువేసి పెనుగులాడు రోగినే సంధి పట్టినవానిగా మనము గుర్తింతుము; కాని పలుకక, ఉలుకక, కన్నులు అరమోడ్చి, గోడవైపు తిరిగి పడియుండు రోగులలో కూడ ఈ వ్యాధి ఉండుననియు, ఐ.సి.యు.లలో ఈ మౌనరూపమే అధికముగా కనబడుననియు, దానిని గుర్తింపకపోవుటయే తరచుగా జరుగుచున్నదనియు ఇంటివారు తెలిసికొనవలెను. "పాపము, ప్రశాంతముగా నిద్రపోవుచున్నారు" అని మనము ఊరడిల్లు సమయముననే లోపల మనస్సు దారితప్పి తిరుగుచుండవచ్చును.

1959లో జార్జి ఎంగెల్, జాన్ రొమానో అను ఇద్దరు అమెరికా వైద్యులు ఈ స్థితిని మెదడు పనితనమునకు కలిగిన లోపముగా నిరూపించుచు, మెదడునందలి విద్యుత్తరంగములు ఆ సమయమున మందగించునని చూపిరి. ఆ లోపమునకు కారణ మొక్కటి కాదు. వయస్సు మీరుట, అంతకుముందే మతిమరుపు ఉండుట, చూపు వినికిడి తగ్గుట, మద్యపానపు అలవాటు అనునవి నేలను సిద్ధము చేయగా, రక్తమున చేరిన ఇన్ఫెక్షను, ప్రాణవాయువు చాలకపోవుట, చక్కెర పడిపోవుట, సోడియము తారుమారగుట, కాలేయమో మూత్రపిండములో పనిచేయకుండుట, పెద్ద ఆపరేషను, అదుపులేని నొప్పి అనునవి పైనబడి దానిని పుట్టించును. మూత్రము బిగబట్టుట, మలబద్ధకము వంటి అల్పముగా తోచు బాధలు సైతము నోటితో చెప్పుకొనలేని వృద్ధుని మనస్సును కలచివేయగలవు. నిద్రకును నొప్పికిని దురదకును ఇచ్చు మందులలో కొన్ని ఇదే అపాయమును తెచ్చును. ఈ కారణముల నెల్ల వెదకి సరిదిద్దుటయే చికిత్సకు తొలిమెట్టు, సంధి కనబడినంతనే "దీనికేమి మందు?" అని అడుగుటకు ముందు "ఇది ఏల వచ్చినది?" అని అడుగవలెను. ఐ.సి.యు. వాతావరణమును ఈ కారణములలోనే చేర్చవలసియున్నది: పగలును రాత్రియు తేడాలేక వెలుగు దీపములు, క్షణక్షణమును మ్రోగు అలారములు, కిటికీ గడియారము లేని గోడలు, పేరు తెలియని ముఖములు, ముక్కునకు నోటికి చేతికి తగిలించిన గొట్టములు — ఆరోగ్యవంతుని నాలుగు దినములు అక్కడ పరుండబెట్టినను వారమేదో తిథియేదో మరచిపోవుననుటలో సందేహము లేదు.

ఐ.సి.యు. అను వ్యవస్థ పుట్టినపుడు దాని స్వరూపము ఇట్లుండలేదు. 1952లో డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగనులో పోలియో మహమ్మారి చెలరేగి, ఊపిరి తీయు కండరములు చచ్చుబడి పిల్లలును పెద్దలును మరణించుచుండగా, బియోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు కంఠమునకు రంధ్రము చేసి గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలి పంపు పద్ధతిని నెలకొల్పెను. యంత్రములు చాలనందున సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా రోగుల ప్రక్క కూర్చుండి రాత్రింబవళ్ళు ఆ సంచులను నొక్కిరి. మరుసటి సంవత్సరమున ఇబ్సెన్ తీవ్రచికిత్సకై ప్రత్యేకముగా ఒక వార్డును తెరచెను. ఆ తొలినాళ్ళలో ప్రతి రోగి ప్రక్కనను ఒక మనుష్యుడుండెను. తరువాతి దశాబ్దములలో యంత్రములు బలపడి, వెంటిలేటరుమీద ఉన్నవానిని గాఢమైన మత్తులో ఉంచుటయే కరుణయను అభిప్రాయము స్థిరపడినది. ఆ అభిప్రాయమునకు మూలము మంచి మనస్సే. బాధ తెలియకుండ కాపాడవలెననియే వైద్యుల సంకల్పము. అయితే మత్తు వేరు, నిద్ర వేరు. నిద్రలో మెదడు సేదదీరును. గాఢమైన మత్తులో ఆ విశ్రాంతి లభింపదు, సుదీర్ఘమైన మత్తునుండి మేలుకొన్నవాడు అలసటతోను అయోమయముతోను మేలుకొనును.

సంధివలన కలుగు హాని ఎంతటిదో గత పాతికేండ్లలో స్పష్టపడినది. అమెరికాలోని నాష్‌విల్ నగరమునందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున వెస్లీ ఈలీయును ఆయన సహచరులును వెంటిలేటరుమీద ఉన్న 224 మంది రోగులను పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా ఐ.సి.యు.లో సంధికి లోనైరి; లోనైనవారిలో ఆరు మాసములలో మరణించినవారు నూటికి 34 మంది, లోనుకానివారిలో 15 మంది. మూలవ్యాధి తీవ్రతను లెక్కలోనికి తీసికొన్న తరువాత కూడ ఈ తేడా మిగిలియుండెను. ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకులే 821 మంది రోగులను అనుసరించి 2013లో వెల్లడించిన మరియొక పరిశీలనలో, సంవత్సరము గడచిన పిమ్మట సైతము సుమారు మూడవవంతు మందికి జ్ఞాపకము, ఆలోచన ఓ మోస్తరు తలగాయము తగిలినవారి స్థాయిలోను, సుమారు నాలుగవవంతు మందికి అల్జీమర్ వ్యాధి తొలిదశలో ఉన్నవారి స్థాయిలోను ఉన్నట్లు తేలినది. ఇది వృద్ధులకే పరిమితము కాలేదు. సంధి ఎన్నిదినము లెక్కువగా సాగినదో నష్టమంత ఎక్కువయ్యెను. కావున దీనిని దానంతట అది పోవు చిన్న అవస్థగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

మాన్పుటకు ముందు గుర్తింపవలెను గదా. మాటలాడలేని రోగి మనస్సు సరిగానున్నదో లేదో తెలిసికొనుటకు 2001లో ఈలీ బృందము ఒక పరీక్షను రూపొందించినది. దానికి సూది అక్కరలేదు, యంత్రము అక్కరలేదు, కొద్ది నిమిషములు చాలును. నర్సు రోగి చేయి పట్టుకొని మెల్లగా పది అక్షరములను ఒకదాని తరువాత ఒకటి పలుకుచు, వానిలో తాను ముందుగా చెప్పియుంచిన యొక అక్షరము వినబడినపుడెల్ల చేయి నొక్కుమనును. రెండుకు మించి తప్పులు దొరలినచో అవధానము చెదరినదని గ్రహించును. పిమ్మట, రాయి నీటిపై తేలునా, సముద్రములో చేపలుండునా, ఒక కిలో రెండు కిలోలకన్న ఎక్కువ బరువా, సుత్తితో మేకు కొట్టవచ్చునా అను వంటి ప్రశ్నలకు తలయూపియో చేయి నొక్కియో బదులీయుమనును. నోటిలో గొట్టమున్నవాడు కూడ ఈ పరీక్షకు సమాధానమీయగలడు. రక్తపోటును, నాడిని చార్టులో వ్రాసినట్లే, షిఫ్టు మారినప్పుడెల్ల మనస్సుయొక్క స్థితిని కూడ పరీక్షించి వ్రాయుచుండిన ఆసుపత్రిలో మౌనముగా పడియున్న రోగి వ్యాధి దాగియుండజాలదు.

నివారణ విషయమున మార్గము చూపినవారిలో షారన్ ఇనోయె అను వైద్యురాలు అగ్రగణ్యురాలు. ఆమెయును సహచరులును యేల్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోని సాధారణ వార్డులలో డెబ్బదియేండ్లు దాటిన 852 మంది రోగులపై జరిపి 1999లో ప్రకటించిన ప్రయోగమున కొత్త ఔషధమేదియు లేదు. రోజునకు పలుమార్లు పలుకరించి ఇది యే స్థలమో యే దినమో జ్ఞప్తికి తెచ్చుట, కళ్ళజోడును వినికిడి పరికరమును తగిలించుట, లేపి నడిపించుట, నీరు చాలినంత త్రాగించుట, రాత్రి నిద్రమాత్రకు బదులు వేడిపాలిచ్చి వీపు నిమిరి, వార్డులో సద్దు తగ్గించుట — ఇంతియే ఆ చికిత్స. దానిని పొందినవారిలో సంధి వచ్చినవారు నూటికి సుమారు 10 మంది కాగా, పొందనివారిలో 15 మంది. ఐ.సి.యు.లో కూడ ఇట్టి మార్పులే ఫలించినవి. షికాగో విశ్వవిద్యాలయమున జాన్ క్రెస్ మున్నగువారు దినమున కొకసారి మత్తుమందు ఆపి రోగిని మేలుకొలుపు పద్ధతిని 128 మందిపై పరీక్షింపగా, వెంటిలేటరు అవసరము ఏడు దినములకు పైనుండి అయిదు దినముల లోపునకు తగ్గినదని 2000లో తేలినది. 2009లో వెల్లడియైన మరియొక ప్రయోగమున, వెంటిలేటరుమీద ఉన్న 104 మంది రోగులలో కొందరిని మత్తు ఆపిన వెంటనే కూర్చుండబెట్టి, నిలువబెట్టి, శక్తికొలది నడిపింపగా, వారికి సంధి నాలుగు దినములకు బదులు రెండు దినములే సాగినది. ఇల్లు చేరునాటికి తమ పనులు తాము చేసికొనగలవారును వారిలోనే ఎక్కువమంది. గొట్టము పెట్టిన రోగి వ్యాయామశిక్షకుని భుజముమీద చేయివేసి నడవాలో నాలుగడుగులు వేయుట చూచి ఇంటివారు భయపడుదురు. తగిన జాగ్రత్తతో చేయునెడల అది సాహసము కాదు, శాస్త్రసమ్మతమైన చికిత్స.

ఈ యనుభవమునుండియే నేటి తీవ్రచికిత్సలో ఆరు సూత్రముల క్రమము ఒకటి ఏర్పడి, ఆంగ్ల అక్షరమాలలోని తొలి ఆరు అక్షరములతో ప్రసిద్ధి చెందినది: నొప్పిని కొలిచి మాన్పుట, ప్రతిదినము మేలుకొలిపి స్వయముగా ఊపిరి తీయగలడేమో చూచుట, మత్తుమందును ఆచితూచి ఎన్నుకొనుట, సంధిని పరీక్షించి కారణమును తొలగించుట, త్వరగా కదలించుట, కుటుంబమును చికిత్సలో భాగస్వామిని చేయుట. వీనికి నిద్రను కూడ జోడింపవలెను. రాత్రి దీపములు తగ్గించి, అత్యవసరము కాని రక్తపరీక్షలను తెల్లవారువరకు ఆపి, అలారముల మ్రోతను తగ్గించి, చెవులలో దూదియుండలవంటి అడ్డములను ఉంచుట కూడ మేలు చేయును. పెనుగులాడు రోగిని చేతులు మంచమునకు కట్టివేయుట మన ఆసుపత్రులలో సర్వసాధారణమైనది. గొట్టము పెరికికొనునేమో యను భయము న్యాయమైనదే. అయినను కట్లు వేసినకొలది ఆ రోగి తాను బందీనైతిననియే తలచి మరింత పెనుగులాడును. అవసరములేని గొట్టమును వెంటనే తీసివేయుట, ప్రక్కన ఒక మనిషిని కూర్చుండబెట్టుట కట్టుకన్న మేలైన ఉపాయములు.

ఇక మందులమాట. దశాబ్దములుగా సంధి పట్టిన రోగికి హాలోపెరిడాల్ ఇంజెక్షను ఇచ్చుట వాడుకగా నున్నది. అమెరికాలో 566 మంది రోగులపై జరిపి 2018లో ప్రకటించిన పెద్ద ప్రయోగమున ఈ మందుగాని, ఆ జాతికే చెందిన మరియొక మందుగాని సంధి దినములను తగ్గింపలేకపోయినవి. డెన్మార్కు వైద్యుల నాయకత్వమున ఐరోపాలో 1000 మందిపై హాలోపెరిడాల్‌ను పరీక్షించి 2022లో వెలువరించిన ఫలితములలోను, తొంబది దినములలో ప్రాణముతో ఆసుపత్రి వెలుపల గడపిన దినముల సంఖ్య చెప్పుకోదగినంతగా పెరగలేదు. తనకో ఇతరులకో హాని చేయునంతటి ఉద్రేకమును చల్లార్చుటకు వైద్యుడు స్వల్పకాలము ఈ మందును వాడవచ్చును. మనస్సును బాగుచేయుమందుగా మాత్రము దానిని తలంపరాదు. మిడజోలామ్, లోరాజిపామ్ వంటి మత్తుమందులు సంధిని పెంచునవి. వానికి బదులు డెక్స్‌మెడిటోమిడిన్ అను మందుతో తేలికమత్తులో ఉంచినపుడు సంధి తగ్గినట్లు 2009నాటి ప్రయోగమొకటి చూపినది. మిడజోలామ్ పొందినవారిలో నూటికి 77 మందికి సంధి రాగా, ఈ రెండవ మందు పొందినవారిలో 54 మందికి వచ్చినది. ఇందుకొక ముఖ్యమైన మినహాయింపు కలదు. ప్రతిదినము మద్యము సేవించువాడు ఆసుపత్రిలో చేరి అకస్మాత్తుగా మానవలసివచ్చినపుడు, రెండు మూడు దినములలో వణకు, చెమట, భ్రాంతి, ఒక్కొక్కప్పుడు మూర్ఛలతో వచ్చు సంధికి ఆ లోరాజిపామ్ జాతి మందులే ప్రాణరక్షకములు. థయమిన్ అను విటమిను కూడ వెంటనే ఈయవలెను. అందుచేత రోగికి త్రాగుడు అలవాటున్నచో, నిద్రమాత్రలు మ్రింగు అలవాటున్నచో, పరువునకు వెరచి దాచక మొదటి దినముననే డాక్టరుతో చెప్పుట ఇంటివారి ధర్మము. ఈ యొక్క మాట దాచుటవలన ప్రాణము మీదికి రాగలదు.

కుటుంబముయొక్క తోడు ఎంత విలువైనదో కోవిడ్ కాలము కఠినముగా బోధించినది. బంధువులను చాలవరకు లోనికి రానీయని ఆ దినములలో 14 దేశముల ఐ.సి.యు.లలో చేరిన 2088 మంది కోవిడ్ రోగులను పరిశీలింపగా సగముకన్న ఎక్కువమందికి సంధి వచ్చినట్లును, స్వయముగానో వీడియో ఫోనుద్వారానో తమవారిని చూడగలిగిన దినములలో ఆ అపాయము తక్కువగా ఉన్నట్లును 2021లో వెల్లడియైనది. బ్రెజిలు దేశమున 36 ఐ.సి.యు.లలో దినమునకు పండ్రెండు గంటలవరకు బంధువులను అనుమతించి చూచిన ప్రయోగమున సంధి చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. కాని బంధువుల ఆందోళన, కుంగుబాటు తగ్గినవి, ఇన్ఫెక్షనులు పెరుగలేదు. ఊరక లోనికి పంపుట మాత్రమే చాలదనియు, వచ్చినవారికి ఏమి చేయవలెనో నేర్పవలెననియు ఈ రెండింటినిబట్టి నేను గ్రహించుచున్నాను. మన ఆసుపత్రులలో పేషంటు తాలూకువారు వరండాలో చాపలు పరచుకొని దినములు గడపుచు, ఉదయమో సాయంకాలమో కొద్ది నిమిషములు మాత్రమే లోనికి పోయి, దూరముగా నిలిచి, కన్నీరు తుడుచుకొని వచ్చుచున్నారు. ఆ ప్రేమయంతయు తలుపు వెలుపల వ్యర్థమగుచున్నది.

లోనికి పోయినవారు చేయదగినది చాలా కలదు. కళ్ళజోడు, వినికిడి మిషను, కట్టుడుపళ్ళు ఇంటివద్ద బీరువాలో ఉంచక నర్సున కప్పగించవలెను. ఎదుట నిలిచి, చేయి పట్టుకొని, "నాన్నగారూ, నేను మీ పెద్దబ్బాయిని. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. ఇవాళ మంగళవారము, ఇప్పుడు పొద్దున పదిగంటలు. జ్వరము తగ్గుచున్నది, భయము లేదు" అని చిన్నచిన్న వాక్యములతో చెప్పవలెను, మరచినపుడు విసుగక మరల చెప్పవలెను. గోడమీద చీమలున్నవని ఆయన అన్నచో, లేవని వాదించియు ఉన్నవని ఒప్పుకొనియు ప్రయోజనము లేదు. "మీకట్లు కనబడుచున్నది, నేనిక్కడనే ఉన్నాను" అని ధైర్యమొసగుటయే మేలు. మనుమల సంగతులు, పొలము కబుర్లు, ఇష్టమైన పాట — ఇవి మెదడునకు దారిచూపును. పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన నర్సులు పనిచేయు ఆసుపత్రులలోను, చెన్నై బెంగుళూరులకు వైద్యమునకై పోయినపుడును, పిల్లలను చూడ అమెరికా వెళ్ళి అక్కడ జబ్బుపడినపుడును, తెలుగు తప్ప ఎరుగని తల్లికి తన భాషలో ఒక్క మాటయు వినబడకపోవుట ఎంతటి యేకాంతమో ఊహింపుడు. అట్టిచోట ఒక్క తెలుగు మాట చెవిని పడుటయే మందు. అన్నిటికిమించి, ఎప్పుడును చురుకుగా నుండు మనిషి మందకొడిగా నున్నను, ఎప్పుడును శాంతుడైనవాడు కసిరినను, ఆ మార్పును మొదట పసిగట్టగలవారు ఇంటివారే. దానిని వెంటనే చెప్పుటకు వెనుదీయరాదు.

ఇల్లు చేరినంతమాత్రాన అంతయు ముగియదు. పీడకలలు, నిద్రలేమి, లెక్కలు తప్పుట, మాటలకొరకు తడుముకొనుట మాసములతరబడి వేధింపవచ్చును. భ్రాంతిలో చూచిన దృశ్యములు నిజముగా జరిగినవేమోయని కొందరు రోగులు లోలోపల కుమిలి, పిచ్చివానిగా చూతురను సంకోచముచేత ఎవరితోను చెప్పుకొనరు. తామాడిన దుర్భాషలకు సిగ్గుపడువారును కలరు. అవి వ్యాధి పలికించిన పలుకులనియు, చాలమందికి వచ్చు అవస్థయే యనియు, కాలక్రమమున పెక్కురికి తేటపడుననియు కుటుంబము వారికి నచ్చజెప్పవలెను. అవసరమైనచో మానసికవైద్యుని సాయము పొందవలెను. ఏ దినమున ఏమి జరిగినదో నర్సులును బంధువులును ఒక పుస్తకమున వ్రాసియుంచు ఆచారము స్కాండినేవియా దేశములలో బలపడినది. కోలుకొన్న రోగి దానిని చదువుకొని, తన జీవితములో అదృశ్యమైన ఆ దినములను తిరిగి కూర్చుకొనును. నలువది పేజీల నోటుపుస్తకమును ఒక కలమును కొనలేని ఆసుపత్రి లేదు.

వెంటిలేటరులు కొన్న ఆసుపత్రులను మనము మెచ్చుకొనుచున్నాము, మెచ్చుకొనవలసినదే. కాని ఊపిరిని నిలిపి మనస్సును పోగొట్టుకొన్న చికిత్స సగము చికిత్సయే. ప్రతి ఐ.సి.యు.లోను గోడకొక గడియారము, పగటివెలుగు పడు కిటికీ, రాత్రి నిశ్శబ్దము, మనస్సును పరీక్షించుటకు తీరికగల నర్సు, చేయి పట్టుకొని కూర్చుండుటకు అనుమతి పొందిన బంధువు ఉండవలెనని కోరుట గొంతెమ్మకోరిక కాదు. నర్సుల సంఖ్యను పెంచక ఇది సాధ్యము కాదని కూడ ప్రభుత్వమును యాజమాన్యములును ఒప్పుకొనవలెను. అంతవరకు, తమవారిని ఐ.సి.యు.లో ఉంచిన ప్రతి కుటుంబమును బి.పి. ఎంత, ఆక్సిజను ఎంత అని అడుగుటతో ఆగక, డాక్టరును మరికొన్ని ప్రశ్నలు కూడ అడుగవలెను: "మత్తు తగ్గించి మేలుకొలుపుచున్నారా? మనిషిని గుర్తుపట్టుచున్నారా? మేము లోపల కూర్చుండి ఏమి చేయవచ్చును?" ఈ ప్రశ్నలు పదిమంది అడుగుట మొదలిడినచో ఆసుపత్రుల రీతి మారితీరును.